లెక్కల టీచరు తెర నాలుగోసారి నల్లబడిన రోజు

కర్నూలులో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఒక దుకాణంలో నేను మూడున్నరేళ్లు పనిచేశాను. చదివింది కడపలో, ఎలక్ట్రానిక్స్. పెళ్లయి కర్నూలుకు వచ్చాక ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరిన ఉద్యోగం అది. పాప పుట్టే ముందు మానేశాను. ఇప్పుడు దానికి రెండేళ్లు. అది పడుకున్నాక దొరికే గంటలో ఇది రాస్తున్నాను. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే ఒకసారి లేచి దాని ఊపిరి చూసి వచ్చాను. నా స్వభావమే అంత. తాళం వేసిన తలుపును మళ్లీ లాగి చూసే మనిషిని. గ్యాసు కట్టేశానా అని వీధి చివరనుంచి వెనక్కి వచ్చే మనిషిని. అలాంటి నేను ఒక మనిషి చెప్పిన మాటను మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

మా దుకాణం రెండు భాగాలు. ముందు కౌంటరు, వెనక అద్దాల గది. కౌంటరులో నేను. అద్దాల గదిలో మా సీనియర్ అన్న, టంకం పనిలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. చచ్చిపోయిన బోర్డులు ఆయన చేతిలో లేచి కూర్చునేవి. జనంతో మాట్లాడటం మాత్రం ఆయనకు చిరాకు. అందుకని దుకాణంలో ఒక పద్ధతి ఏర్పడింది. వచ్చినవాళ్ల గోడు నేను విని కార్డు మీద రాస్తాను. కార్డు వెనక్కి పోతుంది. ఆయన కార్డు చదువుతాడు, మనిషిని చూడడు. బాగుచేశాక వస్తువు మళ్లీ నా దగ్గరికి వస్తుంది; నేను పరీక్షించి "టెస్టెడ్ ఓకే" అని రాసి సంతకం పెడతాను.

కార్డు రాయడంలో నాది చురుకైన చెయ్యి. "దీని పాణం పోయిందమ్మా" అంటే డెడ్. "గుర్రు కొడతాండాది" అంటే ఫ్యాన్ నాయిస్. "మా పాప దీనికి చాయ్ తాపింది" అంటే లిక్విడ్ డ్యామేజ్. వాళ్లు వాక్యం పూర్తి చేసేలోపే నా పెన్ను పని ముగించేది. యజమాని కొత్తవాళ్లకు నన్ను చూపించి, "చూసి నేర్చుకోండప్పా" అనేవాడు. నాకు గర్వంగా ఉండేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. బుర్ఖాలో ఉంది, ముఖం మీద పరదా లేదు. ఇరవై ఆరేళ్లుంటాయి. ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"అక్కా, ఇది నిద్రపోతాండాది."

"ఆన్ కావడం లేదా?"

"ఎందుకు కాదు, అయితాది. పిల్లోళ్లకు క్లాసు చెప్తాంటే నడుమన నిద్రపోతాది. మూత ఏసినట్టు."

"అంటే స్క్రీన్ నల్లగా అవుతోంది."

"నల్లగానే అయితాదిలే, కానీ..."

నేను అప్పటికే రాసేశాను: డిస్‌ప్లే ప్రాబ్లం, అప్పుడప్పుడు.

ఆమె ఆన్‌లైన్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. పొద్దున బి.ఇడి. కాలేజీ, సాయంత్రం నాలుగున్నరకు ఈ క్లాసు. భర్త డోన్‌లో ఒక లారీ ఆఫీసులో పని చేస్తూ వారానికి ఒకసారి వస్తాడు. ఆ క్లాసులు పెట్టే కంపెనీకి ఒక నియమం ఉందట. పాఠం మధ్యలో టీచరు మాయమైతే ఒక హెచ్చరిక. మూడు హెచ్చరికలైతే క్లాసులు తీసేస్తారు. నోటితో చెప్పే కారణాలు వినరు.

"ఒకటి అయిపోయిందక్కా. ఇంక రెండే ఉండాయి. ఈ పని పోతే నాకు మళ్లీ దొరకదు. బయటికి పోయి చెప్పే పనికి మా ఇంట్లో ఒప్పుకోరు."

"ఏం భయపడకు, రెండు రోజుల్లో ఇచ్చేస్తాం" అన్నాను. భయపడకు అని చెప్పడం నాకు చాలా సులువు. నాకు నేను తప్ప ఎవరికైనా చెప్పగలను.

తెర నల్లబడితే మేము చూసే వరస ఒకటుంది. బయటి మానిటర్‌కు కలిపి చూస్తాం. అందులో బొమ్మ వస్తే లోపల బాగున్నట్టు. చీకట్లో తెర మీద టార్చి వేసి చూస్తాం. బొమ్మ లీలగా కనిపిస్తే వెనక దీపం పోయినట్టు. మూతను ముందుకూ వెనక్కూ ఆడిస్తాం. ఆడించినప్పుడు ఆరితే లోపలి కేబుల్ నలిగినట్టు. మా అన్న అన్నీ చూశాడు. ఏదీ దొరకలేదు. మా దగ్గర ఆ ల్యాప్‌టాప్ ఒక్కసారి కూడా నల్లబడలేదు. ఏమీ దొరక్కపోతే కేబుల్ మార్చడం మా అలవాటు, మార్చాం. రెండు రోజులు ఆపకుండా వీడియోలు నడిపాం. టెస్టెడ్ ఓకే. సంతకం.

పన్నెండు రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి తువ్వాలు లేదు. ల్యాప్‌టాప్‌ను కౌంటరు మీద పెట్టి నా వైపు జరిపింది.

"రెండోది గూడా అయిపోయింది అక్కా."

ఆ కార్డు మీద నా సంతకం ఉంది. నేను ఓకే అన్నాను కాబట్టే ఆమె ధైర్యంగా క్లాసులో కూర్చుంది.

"నాకొక అనుమానం అక్కా. తెర ఒకటే పోతే గొంతులు వినపడాల కదా? పిల్లోళ్ల గొంతులు గూడా ఆగిపోతాండాయి. అంతా ఒక్కసారిగా బంద్."

ఈ మాట నేను వెనక్కి తీసుకుపోయి అన్నకు చెప్పాను. ఆయన భూతద్దం లోంచి కళ్లెత్తకుండానే, "నెట్ పోయింటాది లేమ్మా. పాతబస్తీలో నెట్ ఎప్పుడు సక్కగ ఉండె?" అన్నాడు.

నాకు సబబుగానే తోచింది. ఇప్పుడు చెబుతుంటే సిగ్గుగా ఉంది. తెర పాడైతే శబ్దం ఆగదు. ఎలక్ట్రానిక్స్ మొదటి సంవత్సరం పిల్ల చెప్పగలిగిన సంగతి అది. ఒక లెక్కల టీచరు మా వరసలో లేని పరీక్షను ఇంట్లో కూర్చుని చేసి, ఫలితం తెచ్చి నా ముందు పెట్టింది. మేం ఇద్దరం చదువుకున్నవాళ్లం కలిసి దాన్ని చెత్తబుట్టలో వేశాం.

ఈసారి తెరే మార్చాం. మళ్లీ రెండు రోజులు వీడియోలు. టెస్టెడ్ ఓకే. మళ్లీ నా సంతకమే.

వారం తర్వాత ఫోను చేసింది. మళ్లీ నల్లబడిందట. క్లాసు మొదలుకాకముందు పాఠం సిద్ధం చేసుకుంటుంటే పోయింది కాబట్టి లెక్కలోకి రాలేదు. "అల్లా కాపాడినాడు అక్కా ఈ తూరి" అంది.

యజమాని అన్నను ఆమె ఇంటికి పంపాడు. ఆయన వెళ్లి ముందు వసారాలో కూర్చున్నాడు. మగమనిషి వచ్చాడని ఆమె బుర్ఖా తీయకుండానే ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గంటన్నర చూశాడు. ఏమీ కాలేదు. తిరిగి వచ్చి హెల్మెట్ బల్ల మీద విసిరినట్టు పెట్టాడు.

"బంగారం మాదిరి నడుస్తాండాది మిషను. ఆ ఇంట్లో ఎవురో మూత ఏస్తాండారు. లేకుంటే దయ్యం ఏస్తాండాది. నేను టంకం పెడతా గానీ తాయెత్తులు కట్టను."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. జవాబు ఆ మాటలోనే ఉందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ సాయంత్రం నేనే ఆమెకు ఫోను చేశాను. ఎప్పుడెప్పుడు పోయిందో చెప్పమన్నాను. మూడుసార్లూ కాలేజీకి వెళ్లి వచ్చిన రోజేనని చెప్పింది. సెలవు రోజుల్లో ఎన్నడూ కాలేదట. "ల్యాప్‌టాప్ కాలేజీకి తీస్కపోతావా?" అంటే, "లేదక్కా, ఇంట్లోనే ఉంటాది" అంది. ఇంట్లో ఉన్న వస్తువుకు ఆమె కాలేజీకి వెళ్లిన సంగతి ఎలా తెలుస్తుంది? రాత్రి అంతా అదే ఆలోచన. నాకు అప్పుడు ఏడో నెల. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఆ మూడో హెచ్చరికే గుర్తుకొచ్చింది.

మరునాడు గురువారం. యజమాని ప్రతి గురువారం మంత్రాలయం వెళ్లేవాడు, అడగాలన్నా లేడు. "అన్నా, నేను పోయి క్లాసు టయానికి పక్కన కూర్చుంటా" అన్నాను. ఆయన నా కడుపు వైపు, బయట ఎండ వైపు చూసి, "దయ్యం కనపడితే ఫోన్ చెయ్" అన్నాడు.

మూడున్నరకు షేర్ ఆటో దిగి పాతబస్తీ సందులో ఆ ఇల్లు పట్టుకున్నాను. టీచరు ఇంకా కాలేజీ నుంచి రాలేదు. తలుపు తీసింది ఆమె అత్త. నన్ను పైనుంచి కిందికి చూసి, లోపలికి తీసుకుపోయి ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

"ఎన్నో నెల?"

"ఏడు అమ్మా."

"ఏడో నెల్లో ఈ ఎండలో తోలినాడే, మీ సేటుకు బుద్ధి ఉండాదా?"

"ఆయన మంత్రాలయం పోయినాడమ్మా."

"బాగుండాది. పుణ్యం ఆయనకు, ఎండ నీకు." పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చిచ్చింది. "మొన్న ఒక మొగాయన వచ్చి కూర్చునె. ఒక్క మాట మాట్లాడల్యా. మిషనును డాక్టరు నాడి చూసినట్టు చూసి పాయ. ఇప్పుడు నువ్వు. రేపు ఎవుర్ని తోలుతారో."

నాలుగుంబావుకు టీచరు పరుగులాంటి నడకతో వచ్చింది. బుర్ఖా తీసి కొక్కేనికి తగిలించింది. లోపలి గదిలో గోడకు ఆనించిన చిన్న బల్ల, దాని మీద మేం రెండుసార్లు బాగుచేసిన ల్యాప్‌టాప్. తెరలో కనబడాలి కాబట్టి తల మీది స్కార్ఫు అలాగే ఉంచుకుంది. నేను కెమెరాలో పడకుండా ఆమె ఎడమ పక్కన మంచం మీద కూర్చున్నాను. క్లాసు మొదలైంది.

ఇప్పుడు ఆమెను చూస్తే కౌంటరు దగ్గరికి వచ్చిన మనిషే అని ఎవరూ అనుకోరు. తెరలో పదహారు చిన్న ముఖాలు. ఒక జొన్నరొట్టె తెచ్చి కెమెరా ముందు పెట్టింది.

"ఈ రొట్టెను ఎనిమిది ముక్కలు చేసినా. నేను మూడు తినేసినా. ఇంక ఎంత మిగిలింది?"

"ఐదు!" "ఐదు మేడమ్!" "మేడమ్, కూర ల్యాదా మేడమ్?"

"కూర సంగతి తర్వాత. ఐదు ఏంది? ఐదు రొట్టెలా?"

కాసేపు గోల. ఒక పిల్ల సన్నటి గొంతుతో, "ఎనిమిదిలో ఐదు" అంది. టీచరు ముఖం వెలిగిపోయింది. ఈమె ఎందుకు అంత భయపడుతోందో నాకు అప్పుడు తెలిసింది. డబ్బు కోసం మాత్రమే అయితే ఎవరూ ఇలా చెప్పరు.

ఇరవై నిమిషాలు గడిచాయి. గది ఉడికిపోతోంది. ఆమె మాట్లాడుతూనే గడ్డం కింద స్కార్ఫును కొంచెం వదులు చేసుకుంది. అక్కడ పెట్టుకున్న పిన్ను తీసింది. సూది పిన్ను కాదు, రెండు గుండ్రటి బిళ్లలు. గుడ్డకు ఇటొకటి అటొకటి పెడితే వాటంతట అవే పట్టుకుంటాయి. తీసిన రెండు బిళ్లలూ టక్కుమని అతుక్కున్నాయి. చూడకుండానే వాటిని కీబోర్డు కింద, చెయ్యి ఆనించే చోట ఎడమవైపు పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. ముత్యం రంగులో బాగుంది పిన్ను అని మాత్రం అనుకున్నాను.

ఆమె రాస్తోంది, టైపు చేస్తోంది. మణికట్టు ఆ పిన్నును కొంచెం కొంచెం పక్కకు నెడుతోంది.

"ఇప్పుడు మీ అమ్మ ఇంకో రొట్టె..."

తెర నల్లబడింది.

పదహారు గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దాన్ని నేను జన్మలో మరిచిపోను. తెర నల్లబడటం గురించి ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. ఆ నిశ్శబ్దం ఇలా ఉంటుందని నేను ఊహించుకోలేదు. ఒక ఇంటినిండా ఉన్న పిల్లలను ఎవరో ఒక్క చేత్తో ఎత్తుకుపోయినట్టు ఉంది.

ఆమె రెండు చేతులూ గాలిలో అలాగే ఉండిపోయాయి. "అక్కా" అంది. అంతే.

నేను లేవబోయి, ల్యాప్‌టాప్ అంచున ఉన్న చిన్న దీపాన్ని చూశాను. పవర్ దీపం. ల్యాప్‌టాప్ నడుస్తుంటే అది నిలకడగా వెలగాలి. చచ్చిపోతే ఆరిపోవాలి. ఇది రెండూ కాదు. మెల్లగా వెలుగుతోంది, మెల్లగా తగ్గుతోంది, మళ్లీ వెలుగుతోంది. నిద్రపోయే బిడ్డ పొట్టలా. మూత మూసి మిషను నిద్రపోయినప్పుడు ఆ దీపం అలా వెలుగుతుంది.

నిద్రపోతాండాది. మూత ఏసినట్టు.

మొదటి రోజు ఆమె అన్న ఆ మాట నాకు అప్పుడు వినపడింది. మూత ఎవరూ వేయలేదు. తెరిచే ఉంది, నా కళ్లెదురుగా. అయినా ఆ మిషను తన మూత మూసుకుందని నమ్ముతోంది. మూత మూశారని మిషనుకు ఎలా తెలుస్తుంది? మూత అంచులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. చెయ్యి ఆనించే చోట, కింద, దాన్ని పసిగట్టేది ఒకటి ఉంటుంది. అయస్కాంతం దగ్గరికి వస్తే మూత పడిందని లెక్క. తెర ఆర్పి, శబ్దం ఆపి, పడుకుంటుంది. అంతే.

చూపు కిందికి దించాను. ముత్యం రంగు పిన్ను, ఆమె మణికట్టు పక్కన.

దాన్ని లాగేసి ఏదో ఒక మీట నొక్కాను. తెర వెలిగింది. "పాస్‌వర్డ్ కొట్టు, కొట్టు" అని అరిచాను. ఆమె వేళ్లు రెండుసార్లు తప్పాయి. మూడోసారి తెరుచుకుంది. "మేడమ్ వచ్చిండాది! మేడమ్ వచ్చిండాది!" అని పిల్లల గోల. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది. "ఆ, రొట్టె యాడికీ పోలేదు, ఈడనే ఉండాది" అని పాఠం అందుకుంది. మిగిలిన నలభై నిమిషాలూ ఆమె గొంతు ఒక్కసారి కూడా తొణకలేదు. నేను మాత్రం పిన్నును పిడికిలిలో బిగించి పట్టుకుని కూర్చున్నాను.

క్లాసు అయ్యాక పిడికిలి విప్పి చూపించాను. ఆమె నమ్మలేదు. పిన్నును మళ్లీ అక్కడ పెట్టాను. తెర నల్లబడింది. తీసి మీట నొక్కాను. వెలిగింది. ఆమె తనే పెట్టింది. నల్లబడింది. గడప దగ్గర నిలబడి చూస్తున్న అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాలేజీకి వెళ్లిన రోజునే ఆమె ఆ పిన్ను పెట్టుకుంటుంది. ఇంట్లో ఉన్న రోజు ఓణీ చుట్టుకుంటుంది, పిన్ను అక్కర్లేదు. మా అన్న వచ్చిన రోజు ఆమె బుర్ఖాలోనే ఉంది, పిన్ను స్కార్ఫుకే ఉంది. మగవాళ్ల ముందు ఆ పిన్ను బల్ల మీదికి రానే రాదు.

"ఆడనే ఎందుకు పెడతావు?" అని అడిగాను.

"కింద పెడితే పోతాది అక్కా. ఆడ పెడితే కొంచెం పట్టుకుంటాది, జారిపోదు. తెర పోయేసరికి కంగారులో మిషను ఎత్తుకోని లేస్తా. పిన్ను యాడ పడేదో చూసేదాన్నే కాదు."

అత్త ముందుకు వచ్చింది. "ఈ బిళ్ల కోసరం తెర మార్చినారా మీరు?"

"మార్చినామమ్మా."

"బాగుండే తెరనా?"

"బాగుండే తెరనే."

"యా అల్లా. ఇంతమంది చదివినోళ్లు, నెల దినాలు!" ఆమె కోడలి వైపు తిరిగింది. "నేను దీన్ని తిడతాంటి. నీ చేతికి ఏదీ నిలవదు, నువ్వే మిషనును పాడు చేస్తాండావు అని."

టీచరు నా ముఖంలోకి చూసింది. కోపం కాదు. ఒక లెక్క తప్పెక్కడ వచ్చిందో వెతికే చూపు.

"నేను మొదటి దినమే చెప్పినా కదక్కా, మూత ఏసినట్టు ఉండాదని."

"చెప్పినావు."

"నువ్వు రాసుకున్నావు గూడా."

"రాసుకున్నా. కానీ నువ్వు చెప్పింది రాయలేదు. నాకు తెలిసింది రాసుకున్నా."

అప్పుడే ఆమె ఫోనుకు కంపెనీ మెసేజ్ వచ్చింది. మూడో హెచ్చరిక. క్లాసులు ఆపేస్తున్నాం. మరమ్మతు చేసినవారి దగ్గరనుంచి రెండు రోజుల్లో కారణం రాయించి ముద్రతో పంపితే పరిశీలిస్తాం. ఆమె దాన్ని గట్టిగా చదివి, ఫోను మంచం మీద బోర్లా పెట్టింది. తప్పు దొరికిన పూటే ఆమె పని పోయింది. పక్కన కూర్చుని, పిన్ను పెట్టడం కళ్లారా చూసి కూడా, పోనిచ్చింది నేను.

శుక్రవారం పొద్దున యజమాని మంత్రాలయం ప్రసాదం అందరికీ పంచుతుంటే ఈ సంగతి చెప్పాను. ఆయన ప్రసాదం పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "లోపలి కేబుల్ లోపం ఉన్నింది, ఇప్పుడు సరిచేసినాం అని రాయమ్మా. ఆ పాప పనీ నిలబడతాది, మన పేరూ నిలబడతాది."

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు నచ్చింది. పిన్ను సంగతి రాస్తే కంపెనీవాళ్లు "నీ పిన్నే కదా" అంటారు. కేబుల్ అంటే ఎవరి తప్పూ ఉండదు. ఆమెకు మేలు చేస్తున్నాననుకుంటూ ఫోను చేసి ఈ మాట చెప్పాను.

"వద్దక్కా" అంది. "ఈ నెలంతా ఇంట్లో అందరూ నాదే తప్పు అన్నారు. మీరు రెండుసార్లు బాగయిందన్నారు. ఇప్పుడు గూడా అబద్ధమే రాసిస్తే, అసలు ఏమైందో ఎవురికీ తెలియనే తెలియదు కదా. జరిగింది జరిగినట్టు రాయి. పోతే పోనీ."

రాశాను. పొద్దున పదినుంచి మధ్యాహ్నం దాకా ఒక పేజీ. ఆమె మొదటి రోజే లక్షణం సరిగ్గా చెప్పిందనీ, దాన్ని నేను వేరే మాటల్లో రాసుకున్నాననీ, శబ్దం కూడా ఆగుతోందని ఆమె చెప్పినా మేం పట్టించుకోలేదనీ, బాగున్న కేబులూ బాగున్న తెరా మార్చామనీ, అయస్కాంతం పిన్నును అక్కడినుంచి తీస్తే మళ్లీ ఎన్నడూ ఇలా కాదనీ. మొదటి కార్డు నకలు కూడా జత చేశాను.

యజమాని చదివి కాగితాన్ని నాకే తిరిగి ఇచ్చాడు. "మన తప్పు అని మనమే ముద్ర కొట్టుకుంటామా అమ్మా? రేపు ఇది ఊరంతా తిరిగితే?"

అద్దాల గదిలోంచి మా అన్న బయటికి వచ్చాడు. కౌంటరులోకి ఆయన రావడం నేను చూసింది తక్కువ. కాగితం తీసుకుని నిలబడే చదివాడు.

"గొంతులు గూడా ఆగిపోతాండాయని ఆ అమ్మాయి చెప్పిందని రాసినావు."

"మీకు చెప్పినా కదన్నా."

"చెప్పినావు. నేను నెట్ అన్నా." చాలాసేపు ఆ వాక్యం మీదే చూపు ఉంచాడు. పదిహేనేళ్ల పనిలో ఆయనకు ఇలాంటిది మొదటిసారేమో. నా సంతకం కింద తన సంతకం పెట్టి, పక్కన "పరీక్ష సరిగ్గా చేయలేదు" అని రాశాడు. యజమాని వైపు చూడకుండానే, "ముద్ర ఇయ్యి సార్" అన్నాడు.

యజమాని ఇద్దరినీ చూశాడు. ముద్ర కొట్టాడు. మనసు ఒప్పుకోని చేత్తో కొట్టాడేమో, దుకాణం పేరు సగమే పడింది.

సోమవారం దాకా నాకు అన్నం సహించలేదు. మా ఆయన, "బిడ్డ కోసరమైనా తినే" అని కూర్చోబెట్టి తినిపించాడు. సోమవారం మధ్యాహ్నం ఆమె ఫోను వచ్చింది. మూడో హెచ్చరిక కొట్టేశారట. క్లాసు తిరిగి ఇచ్చారట. కానీ ఈ నాలుగు రోజుల్లో పదహారు మందిలో తొమ్మిదిమందిని వేరే టీచరుకు ఇచ్చేశారు. ఎనిమిదిలో ఐదు అని చెప్పిన పిల్ల కూడా అటే పోయింది.

"ఏడుగురైనా ఉండారు కదక్కా."

నేను క్షమించమని అడిగాను.

"ఉంటానక్కా. క్లాసు టయమయింది" అని పెట్టేసింది.

నాకు ఎనిమిదో నెల నిండుతుండగా, ఇంకో పది రోజుల్లో మానేస్తాననగా, ఒక సాయంత్రం ఆమెను మళ్లీ చూశాను. రోడ్డుకు అవతల, మాకు ఎదురుగా ఇంకో మరమ్మతు దుకాణం ఉండేది, ముందు తలుపు లేక లోపలంతా కనిపించేది. ఆమె భుజాన ల్యాప్‌టాప్ బ్యాగుతో దాని ముందు ఆటో దిగింది. కీబోర్డులో ఏవో మీటలు పోయి ఉంటాయి. ఇటు తిరిగింది. మా గాజు తలుపు వెనక నన్ను చూసింది. చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను.

"మన కస్టమరే కదమ్మా? పిలువు, పిలువు" అన్నాడు యజమాని వెనకనుంచి.

నేను పిలవలేదు. ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్లింది. కౌంటరులో ఉన్న మనిషి కార్డు తీసి ఏదో అడిగాడు. ఆమె అక్కడ ఆగలేదు. అతన్ని దాటుకుని, నేరుగా వెనక టంకం పని చేస్తున్న మనిషి బల్ల దగ్గరికి వెళ్లి, అతను తలెత్తి చూసేదాకా నిలబడి, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.